కొడుకు వేరావల్‌లో, అమ్మ ఊళ్లో: పింఛను డబ్బుతో పెద్దలను ఇంటి దగ్గరే చూసుకోవడం ఎలా?

ఒకటో తారీఖున సచివాలయం సిబ్బంది పింఛను పట్టుకుని ఇంటింటికీ వెళ్తారు. వాళ్లతో పాటు భోగాపురం మండలంలో నాలుగు వీధులు తిరిగితే ఒక సంగతి అర్థమవుతుంది. చాలామంది ముసలివాళ్లకు డబ్బు చేతికి వస్తోంది, వండి పెట్టే మనిషే ఇంట్లో లేదు. ముక్కాం, చేపలకంచేరు లాంటి తీర గ్రామాల్లో మగపిల్లలు వేటకు గుజరాత్‌లోని వేరావల్ వెళ్తారు. లోపలి ఊళ్లలో విశాఖపట్నం, హైదరాబాద్, చెన్నై. కూతుళ్లు అత్తవారి ఊళ్లలో. ఇంటి దగ్గర మిగిలేది అమ్మ, లేదంటే అమ్మా నాన్నా.

ఇలాంటి ఇంటికి పట్నంలో రెండు దారులు చూపిస్తారు. ఒకటి, ఇంట్లోనే ఉండి చూసుకునే ఆయమ్మను పెట్టుకోవడం. రెండు, డబ్బు కట్టి వృద్ధాశ్రమంలో చేర్చడం. రెండింటికీ నెలకు పది పదిహేను వేలకు తక్కువ కావు, మంచివైతే ఇంకా ఎక్కువ. నాలుగు వేల పింఛను మీద బతికే ఇంటికి ఈ రెండు దారులూ మూసుకుపోయినట్టే. అలాగని చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. వచ్చే పింఛను, రేషను, ఇంటికి వచ్చే వైద్యం, పొరుగువాళ్ల సాయం, చట్టం ఇచ్చిన హక్కు కలిపి పెట్టుకుంటే పెద్దవాళ్లు సొంత ఇంట్లోనే పరువుగా రోజులు గడపొచ్చు. ఎలాగో ఇందులో చెబుతున్నాం. చదవడం రానివాళ్లకు దయచేసి మీరే చదివి వినిపించండి. ఊరికి దూరంగా ఉన్న కొడుకులకు, కూతుళ్లకు వాట్సాప్‌లో పంపండి. ఇందులో సగం పని వాళ్లది.

ముందు మీకు రావాల్సింది సరిగ్గా వస్తోందా?

ఎన్టీఆర్ భరోసా కింద వృద్ధాప్య పింఛను 2024 జులై నుంచి నెలకు 4,000. ఇది అందరికీ తెలుసు. తెలియనిది, ఆ ముసలివాళ్లలో కొందరికి అంతకంటే ఎక్కువ వచ్చే అర్హత ఉండటం. 40 శాతం, ఆపైన వైకల్యం ఉందని ధ్రువపత్రం ఉన్నవాళ్లకు 6,000. చూపు బాగా పోయినవాళ్లు, అస్సలు వినపడనివాళ్లు, కాలు తీసేసినవాళ్లు ముసలితనం కదా అని వదిలేసి 4,000తోనే సరిపెట్టుకుంటున్నారు. పక్షవాతంతో పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకు 15,000. ఒక మనిషికి ఒక పింఛనే ఇస్తారు కాబట్టి ఏ కోవలో ఉన్నామన్నది పెద్ద తేడా తెస్తుంది. వైద్య ధ్రువపత్రం కోసం సదరం శిబిరానికి వెళ్లాలి, దానికి రోజు, సమయం సచివాలయంలో బుక్ చేస్తారు. మంచాన పడ్డ మనిషిని అక్కడిదాకా తీసుకెళ్లడం చిన్న పని కాదు. అయినా 4,000కూ 15,000కూ మధ్య ఉన్న తేడా ఒక మనిషిని పనికి పెట్టుకోగలిగినంత. ఆ ఒక్క రోజు కష్టం పడటం మేలు. ఒక్క మాట మాత్రం ముందే చెప్పాలి. ధ్రువపత్రాలను మళ్లీ మళ్లీ తనిఖీ చేస్తారు, లేని వైకల్యం రాయిస్తామని డబ్బు అడిగే దళారిని దగ్గరకు రానివ్వకండి.

భర్త పేరు మీద పింఛను వచ్చే ఇంట్లో భర్త పోతే, ఆ పింఛను భార్యకు మారుతుంది. 2024 నవంబరు నుంచి ఈ ఏర్పాటు ఉంది. మరణ ధ్రువీకరణ పత్రం తీసుకుని సచివాలయంలో ఇస్తే చాలు. దినాలు, కర్మలు అయ్యాక చూద్దామని నెలల తరబడి ఆగితే నష్టపోయేది ఆ ఇంటి ఇల్లాలే.

కొడుకు దగ్గరికి విశాఖపట్నం వెళ్లి రెండు నెలలు ఉంటే పింఛను పోతుందేమోనని భయపడి, కదలని పెద్దవాళ్లు ఉన్నారు. పోదు. ఒక నెల తీసుకోకపోతే తర్వాతి నెల రెండూ కలిపి ఇస్తారు. రెండు నెలలు తీసుకోకపోతే మూడో నెల 12,000 వస్తుంది. మూడు నెలలు వరసగా తీసుకోకపోతేనే ఆగిపోతుంది. పూర్తిగా మకాం మార్చేస్తే, పింఛనును ఆ ఊరి సచివాలయానికి మార్పించుకోవచ్చు. వేలిముద్ర అరిగిపోయి పడకపోయినా కంగారు పడొద్దు, ముఖం చూసి గుర్తించే పద్ధతి సిబ్బంది ఫోన్లో ఉంది.

రేషను కూడా అంతే. 65 ఏళ్లు దాటినవాళ్లకు, వికలాంగులకు డీలరు ఇంటికి తెచ్చి ఇవ్వాలి. 2025 జూన్‌లో రేషన్ దుకాణాలు మళ్లీ తెరిచినప్పుడు పెట్టిన నిబంధన ఇది. బియ్యం కోసం ముసలమ్మ వరసలో నిలబడుతుంటే డీలరును అడగండి, వినకపోతే 1100కు ఫోన్ చేసి చెప్పండి.

ఒక్కరికి చాలనిది ముగ్గురికి చాలుతుంది

ఒంటరిగా ఉన్న ముసలావిడ వండుకునే తీరు మీకు తెలుసు. పొద్దున చోడంబలి. మధ్యాహ్నం ఒక్క మనిషికి కూరేమిటిలే అని ఊరగాయతో అన్నం. రాత్రికి అదే చద్ది. షుగరు మాత్ర వేసుకుని సరిగ్గా తినకపోతే కళ్లు తిరిగి పడిపోతారు. పడితే తుంటి ఎముక విరుగుతుంది. చాలా ఇళ్లలో మనిషి మంచాన పడటం ఇలాగే మొదలవుతుంది. అందుకే సంరక్షణ అనగానే నర్సునో ఆసుపత్రినో తలుచుకోకముందు రెండు పూటలా వేడి అన్నం గురించి ఆలోచించాలి.

ఇక్కడ ఒక చిన్న లెక్క. ఇది ఉదాహరణ మాత్రమే, మీ ఊరి ధరలు వేసి చూసుకోండి. ఒక ముసలావిడ 4,000లో వంటమనిషికి 2,000 ఇస్తే కూరగాయలకు, మందులకు, కరెంటుకు మిగిలేది 2,000. నడవదు. అదే పక్కపక్క ఇళ్లలో ముగ్గురు కలిశారనుకోండి, చేతిలో 12,000. ఒకరి ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. రెండు పూటలా వచ్చి వండి, గిన్నెలు కడిగి వెళ్లే మనిషికి 4,000. పప్పు, నూనె, కూరగాయలు, పాలు, వారానికి రెండు సార్లు చేపలు అన్నీ కలిపి 4,500. గ్యాసు, కరెంటు 700. రేషను బియ్యం ముగ్గురివీ ఉన్నాయి. ఇంకా 2,800 మిగులుతుంది, అంటే ఒక్కొక్కరికి 900 పైన. మందులకు, ఆటోకు, మనవడి చేతిలో పెట్టడానికి.

డబ్బు కంటే పెద్ద లాభం ఇంకొకటి ఉంది. పొద్దున్నే భోజనానికి రాని మనిషి కోసం మిగతా ఇద్దరూ వెళ్లి తలుపు కొడతారు. ఒంటరి ఇంట్లో జారిపడి, సాయంత్రం దాకా ఎవరికీ తెలియకుండా పడి ఉండే ప్రమాదం అక్కడితో చాలావరకు తప్పుతుంది.

గుజరాత్‌లో మెహసానా జిల్లా చాందణకి అనే ఊరు ఈ పని ఊరంతా కలిసి చేస్తోంది. పిల్లలంతా నగరాలకు, విదేశాలకు వెళ్లిపోగా మిగిలింది దాదాపుగా పెద్దవాళ్లే. ఊరికి ఒకే వంటశాల, ఒకే భోజనశాల. మనిషికి నెలకు సుమారు 2,000 రూపాయలు, రెండు పూటలా భోజనం. అక్కడి పిల్లల సంపాదన వేరు, మన పరిస్థితి వేరు, అది ఒప్పుకోవాలి. అంత పెద్ద భవనం మనకు అక్కర్లేదు కూడా. ముగ్గురికి ఒక వంటిల్లు చాలు.

అడ్డం వచ్చేది డబ్బు కాదు, మొహమాటం. కొడుకు ఉండి కూడా పక్కింటి కూడు తింటోందని నలుగురూ అంటారేమోనన్న భయం. ఎవరి వంట ఎవరు తినాలన్న పట్టింపు. ఇవి లేవని నేను అనను. డ్వాక్రా సంఘాలు కొత్తగా వచ్చినప్పుడు కూడా ఆడవాళ్లు బ్యాంకుకు వెళ్లడమేమిటని ఇలాగే అన్నారు. ఎక్కువకాలం ఒకే వీధిలో ఉండి, ఒకరి బియ్యం ఒకరు చేబదులు తీసుకున్న వాళ్లతో మొదలుపెడితే సులువు. విమానాశ్రయం కోసం మరడపాలెం, ముడసర్లపేట, బొల్లింకలపాలెం, రెల్లిపేట ఖాళీ చేసి పునరావాస కాలనీలకు వచ్చినవాళ్లకు పాత పక్కిల్లు ఇప్పుడు పక్కనే ఉండకపోవచ్చు. అక్కడ ఈ ఏర్పాటు కాస్త పట్టుబట్టి చేయాలి. డ్వాక్రా సంఘం నాయకురాలు ముందుకొస్తే పని తొందరగా అవుతుంది.

పగటిపూట కూర్చోవడానికి చోటు కూడా కొత్తగా కట్టనక్కర్లేదు. తీర గ్రామాల్లో తుపాను షెల్టర్లు ఏడాదిలో ఎక్కువ రోజులు తాళం వేసే ఉంటాయి. రామాలయం అరుగు, కమ్యూనిటీ హాలు ఉన్నాయి. రెండు చాపలు, ఒక ఫ్యాను, తాగునీళ్లు, దగ్గర్లో మరుగుదొడ్డి. గ్రామసభలో అడగండి, తీర్మానం రాయించండి. తాళం చెవి ఎవరి దగ్గర ఉండాలన్నది కూడా ఆ తీర్మానంలోనే రాయించండి. లేకపోతే వారం తిరిగేసరికి మళ్లీ తాళం పడుతుంది.

పొరుగు మనిషికి జీతం

బయటి నుంచి ఆయమ్మను తెచ్చుకుంటే ఆమెకు ఇరవై నాలుగు గంటల జీతం, తిండి, ఉండే చోటు. పక్కింటి మనిషికి గంట లెక్క. పొద్దున గంట, సాయంత్రం గంట: స్నానానికి నీళ్లు, మాత్రలు, ఇల్లు ఊడవడం, ఒక పలకరింపు. ఇప్పటికే చాలా చోట్ల ఇది ఊరికే జరుగుతోంది. జీతం లేని సాయం కొన్నాళ్లకు అలసిపోతుంది, మాటలు వస్తాయి, ఆగిపోతుంది. అందుకే కొడుకు ఫోన్ పే చేయగలిగితే నెలకు ఇంత అని నేరుగా ఆ మనిషికే పంపడం మంచిది. అమ్మ చేతికి పంపి, ఆమె చేత ఇప్పించాలనుకుంటే అమ్మ ఇవ్వదు, దాచి మనవరాలికి పెడుతుంది.

వేరావల్ వెళ్లేవాళ్లకు ఇది ఇంకా తేలిక. వేట నిషేధం రోజుల్లో ఎలాగూ ఇంటికి వస్తారు, ఆ రెండు నెలలు తామే చూసుకుంటారు. మిగతా నెలలకు పొరుగు మనిషితో మాట్లాడుకుని వెళ్లొచ్చు. బోటు యజమాని దగ్గర అడ్వాన్సు తీసుకుని బయల్దేరే రోజునే అందులోంచి మొదటి రెండు నెలల జీతం ఇచ్చేసి వెళ్తే మాట నిలబడుతుంది.

ఏ పని, ఎన్ని గంటలు, ఎంత జీతం, ఎవరికి ఫోన్ చేయాలి అన్నది ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. ఆశా కార్యకర్తకు చూపించండి, ఆమె ఎలాగూ ఆ ఇంటికి వస్తుంది. రెండు జాగ్రత్తలు ఉన్నాయి. ఏటీఎం కార్డు, పిన్ను ఎవరికీ ఇవ్వొద్దు. పింఛను తీసుకునే వేళ వేలిముద్ర వేసిన వెంటనే డబ్బు పెద్దవాళ్ల చేతిలోనే పడాలి, పక్కన నిలబడ్డ వాళ్ల చేతిలో కాదు. ఇది కొడుకులకు, మనవళ్లకు కూడా వర్తిస్తుంది.

వంతుల సంగతి

ఇద్దరు ముగ్గురు కొడుకులున్న ఇంట్లో నెలకొకరి దగ్గర వంతు అనేది మన దగ్గర పాత పద్ధతి. ఖర్చు పంచుకోవడానికి మంచిదే. కానీ మనిషి తిరుగుతుంటే మందులు ఒక ఇంట్లో, ఆసుపత్రి చీటీ ఇంకో ఇంట్లో, రేషను కార్డు మూడో ఇంట్లో ఉండిపోతాయి. ముప్పయ్యో తారీఖు రాత్రికి మాత్రలు అయిపోతే కొత్త ఇంటివాళ్లు కొంటారులే అని పాతవాళ్లు, పాతవాళ్లు పంపలేదేమని కొత్తవాళ్లు. బీపీ మాత్ర నాలుగు రోజులు ఆగితే పక్షవాతం రావచ్చు. కాబట్టి వంతు మారేటప్పుడు మనిషితో పాటు ఒక సంచి కూడా మారాలి. ఆధార్, రేషను కార్డు, ఆసుపత్రి చీటీలు, పదిహేను రోజుల మందులు, కళ్లద్దాలు అన్నీ అందులోనే. వేరే ఊళ్లో ఉన్నా రేషను అక్కడి దుకాణంలోనే తీసుకోవచ్చు. ఎనభై దాటినవాళ్లను మాత్రం తిప్పకపోవడమే నయం. చీకట్లో కొత్త ఇంటి గడప, కొత్త మరుగుదొడ్డి వాళ్లకు ప్రమాదం. మనిషిని ఒకచోటే ఉంచి డబ్బును వంతుల వారీగా తిప్పండి.

మంచాన పడ్డవాళ్లు

మంచాన పడ్డ మనిషికి ఆసుపత్రి కంటే ఇల్లే మంచిదని చాలాసార్లు డాక్టర్లే చెబుతారు. కానీ ఇంట్లో చేయాల్సిన పని ఎవరూ నేర్పరు. రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, లేదంటే నడుం, పిర్రలు, మడమల దగ్గర పుళ్లు పడతాయి. తడి బట్ట వెంటనే మార్చాలి. తినిపించేటప్పుడు తల ఎత్తి, కూర్చోబెట్టినట్టు పెట్టాలి, పడుకోబెట్టి పోస్తే గొంతులో అడ్డం పడుతుంది. చర్మం ఎర్రబడిన రోజునే ఏఎన్ఎమ్‌కు చెప్పాలి, పుండు లోతయ్యాక చెబితే ఆమె చేసేది తక్కువ. ఈ నాలుగు పనులు పొరుగు మనిషికి కూడా నేర్పించమని ఏఎన్ఎమ్‌ను అడగండి. మొదటి రోజు పక్కన ఉండి చేయించాలి.

104 సంచార వైద్య వాహనం మీ ఊరికి వచ్చే రోజు ముందే తెలుసుకుని, కదలలేని మనిషి ఉన్నారని ఏఎన్ఎమ్‌కు, ఆశాకు పేరు రాయించండి. డాక్టరు ఇంటికి వచ్చి చూసే వీలుంటుంది. పేరు రాయించని ఇంటికి మాత్రం రారు. బీపీ, షుగరు మందులు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఉచితమే, నెలకు సరిపడా తీసుకోండి. అత్యవసరానికి 108.

ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే, 70 ఏళ్లు నిండిన ఎవరికైనా ఆదాయంతో పని లేకుండా ఏడాదికి 5 లక్షల వరకు చికిత్స ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డును కేంద్రం 2024 అక్టోబరు 29న తెచ్చింది. వయసు ఆధార్ చూసే నిర్ణయిస్తారు. ఆధార్‌లో పుట్టిన సంవత్సరం తప్పు ఉంటే ఇప్పుడే సరిచేయించుకోండి, మనిషి ఆసుపత్రి మంచం మీద ఉండగా కాదు. రాష్ట్రంలో ఎన్టీఆర్ వైద్య సేవ ఎలాగూ ఉంది. విజయనగరం సర్వజన ఆసుపత్రికి వెళ్లడానికి ఆడవాళ్లకు 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు లేదు. తోడు వెళ్లే కూతురికీ కోడలికీ లేదు. మగవాళ్లకు 60 దాటితే నాలుగో వంతు రాయితీ.

చేతికర్ర, వాకరు, చక్రాల కుర్చీ, వినికిడి యంత్రం, కట్టుడు పళ్లు, కళ్లద్దాలు కొనక్కర్లేదు. 2017లో నెల్లూరులో మొదలైన రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద పేద వృద్ధులకు శిబిరాల్లో కొలతలు తీసుకుని ఉచితంగా ఇస్తారు. శిబిరం ఎప్పుడన్నది జిల్లా విభిన్న ప్రతిభావంతులు, వయోవృద్ధుల సంక్షేమ శాఖ కార్యాలయంలో అడగండి, పేరు రాయించి పెట్టండి.

ఇదంతా ఒక్క ఇంటి బరువు కాదని కేరళ చూపించింది. 1993లో కోళికోడ్ మెడికల్ కాలేజీలో డాక్టర్లు చిన్నగా మొదలుపెట్టిన నొప్పి నివారణ కేంద్రం, తర్వాత ఊళ్లకు పాకింది. టీచర్లు, రైతులు, ఆటో డ్రైవర్లు, కాలేజీ పిల్లలు వారానికి రెండు గంటలు ఇస్తామని ముందుకొచ్చారు. నర్సు వెంట మంచాన పడ్డవాళ్ల ఇళ్లకు తిరిగారు. 2008లో రాష్ట్రం దాన్ని విధానంగా చేసుకుంది, పంచాయతీలు ఇంటికి వెళ్లే నర్సును పెట్టాయి. తమిళనాడులో 2021 ఆగస్టులో తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే కృష్ణగిరి జిల్లా నుంచే ఇంటికి బీపీ, షుగరు మందులు తీసుకెళ్లి ఇచ్చే పథకం మొదలైంది. మన ఊళ్లో కుర్రాళ్లు వినాయక చవితికి చందా వసూలు చేసి పందిరి వేయగలరు. వారానికి ఒక పూట నలుగురు ముసలివాళ్ల ఇళ్లకు వెళ్లి రావడం వాళ్లకు బరువు కాదు. అడిగేవాళ్లు లేక జరగడం లేదు.

భూమి రాసే ముందు ఇది చదవండి

భోగాపురం చుట్టుపక్కల సెంటు భూమి ధర ఏమైందో మీకు నేను చెప్పనక్కర్లేదు. విమానాశ్రయం వచ్చాక జీడితోట, కొబ్బరితోట కూడా లక్షలు పలుకుతున్నాయి. దానితో ఇంకో పని కూడా పెరిగింది. నాన్నా, నువ్వు ఉండగానే మా పేరు మీద పెట్టేయ్, తర్వాత గొడవలుండవు అని పిల్లలు అడగడం. చాలామంది పిల్లలు మంచి మనసుతోనే అడుగుతారు. కొందరి ఇళ్లలో మాత్రం రిజిస్ట్రారు ఆఫీసులో వేలిముద్ర పడిన తర్వాత అన్నం పెట్టే చెయ్యి మారుతుంది.

తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. అందులో 23వ సెక్షను ఇలా చెబుతుంది. నన్ను చూసుకోవాలి, నా అవసరాలు తీర్చాలి అన్న షరతుతో పెద్దవాళ్లు ఆస్తిని దానంగా గానీ మరోలా గానీ రాసిచ్చి, తీసుకున్నవాళ్లు ఆ మాట తప్పితే, ఆ దస్తావేజును చెల్లనిదిగా ప్రకటించమని ట్రిబ్యునల్‌ను అడగొచ్చు. ఇందులో గట్టిగా పట్టుకోవాల్సిన మాట "షరతు". షరతు ఉండి తీరాలని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. 2025 జనవరి 2న మధ్యప్రదేశ్‌కు చెందిన ఒక తల్లి కేసులో, చట్టాన్ని పెద్దవాళ్ల మేలు చూసేలా ఉదారంగా అర్థం చేసుకోవాలంటూ కొడుకుకు ఆమె రాసిన దానపత్రాన్ని రద్దు చేసింది. అక్కడ కూడా తల్లిని చూసుకుంటానని కొడుకు వేరే కాగితం మీద రాసిచ్చాడన్నది ఆమెకు పనికొచ్చింది. నోటిమాట మీద నమ్మకం పెట్టుకుని రాస్తే తర్వాత నిరూపించడం కష్టం.

కాబట్టి గిఫ్టు గానీ సెటిల్‌మెంటు గానీ రాసేటప్పుడు, నా జీవితాంతం తిండి, బట్ట, ఇల్లు, వైద్యం చూసుకోవాలి, చూసుకోకపోతే ఈ దస్తావేజు రద్దు చేసుకునే హక్కు నాకు ఉంటుంది అన్న మాట దస్తావేజులోనే రాయించండి. దస్తావేజు లేఖరి ఎందుకండీ ఇవన్నీ అంటే కూడా రాయించండి. రాసింది మీకు చదివి వినిపించమనండి, లేఖరితో కాదు, మీకు నమ్మకమున్న చదువుకున్న మనిషితో. ఉంటున్న ఇల్లు మాత్రం ఎవరికీ రాయొద్దు. వీలునామా రాసుకుంటే మీరు ఉన్నన్నాళ్లూ ఆస్తి మీదే, మనసు మారితే వీలునామా మార్చుకోవచ్చు కూడా. పునరావాసం కింద వచ్చిన పరిహారం డబ్బు ఇంకా బ్యాంకులో ఉంటే కొంతైనా మీ ఒక్కరి పేరు మీద డిపాజిట్‌గా ఉంచుకోండి.

ఇప్పటికే రాసేసి, ఇప్పుడు తిండికి కష్టమైతే? అదే చట్టం కింద ఆర్డీవో స్థాయి అధికారి ట్రిబ్యునల్‌గా ఉంటారు. భోగాపురం మండలం విజయనగరం డివిజన్ కిందికి వస్తుంది కాబట్టి అర్జీ విజయనగరం ఆర్డీవో కార్యాలయంలో ఇవ్వాలి. తెల్ల కాగితం మీద తెలుగులో రాస్తే చాలు. లాయర్లు వాదించడానికి ఈ చట్టం ఒప్పుకోదు. మీరు వెళ్లలేకపోతే మీ తరఫున ఇంకొకరు ఇవ్వొచ్చు, ఒక సంస్థ కూడా ఇవ్వొచ్చు. నోటీసు అందిన 90 రోజుల్లో తేల్చాలి, ఈలోపు మధ్యంతర భృతి కూడా ఇప్పించొచ్చు. పోషణకు నెలకు గరిష్ఠంగా 10,000 వరకు ఆదేశిస్తారు. ఆ డబ్బు కట్టకపోతే వారెంటు, జైలు దాకా వెళ్తుంది. పిల్లలు లేనివాళ్లు కూడా వాడుకోవచ్చు: మీ ఆస్తి అనుభవిస్తున్న, లేదా మీ తర్వాత ఆ ఆస్తి వెళ్లాల్సిన బంధువు మీద అర్జీ పెట్టొచ్చు. పెద్దవాళ్లను ఎక్కడో వదిలేసి పోతే మూడు నెలల జైలు, 5,000 జరిమానా, లేదా రెండూ.

కన్నకొడుకు మీద అర్జీ ఏమిటని చాలామంది వెనక్కి తగ్గుతారు. అర్జీ పెట్టగానే శిక్ష పడదు. ముందు పిలిచి కూర్చోబెట్టి మాట్లాడతారు. పెద్దమనుషుల ముందు పంచాయితీ పెట్టినట్టే, కాకపోతే ఇక్కడ ఒప్పుకున్నది కాగితం మీద ఉంటుంది. కోడలి మీద తప్పంతా తోసేసే పంచాయితీల కంటే ఇదే మర్యాదగా జరుగుతుందని నా అభిప్రాయం.

ఆశ్రమం తప్పనిసరైతే

పైవేవీ కుదరని ఇళ్లు ఉంటాయి. ఎవరూ లేనివాళ్లు, ఉన్నా ఇంట్లో కొట్టేవాళ్లు. వాళ్లకు ఉచిత ఆశ్రమాలు ఉన్నాయి. పేద వృద్ధులు కనీసం 25 మంది ఉండే ఆశ్రమాలను నడిపే స్వచ్ఛంద సంస్థలకు అటల్ వయో అభ్యుదయ యోజన కింద కేంద్రం డబ్బు ఇస్తుంది. అలాంటి ఆశ్రమంలో డబ్బు కట్టమని, ఆస్తి రాయమని అడిగితే అనుమానించండి. చేరే ముందు ఒక పూట భోజనం చేసి, మరుగుదొడ్డి చూసి, అక్కడున్న ఇద్దరితో ఒంటరిగా మాట్లాడి రండి. ఎక్కడ ఖాళీ ఉందో తెలియడానికి 14567కు ఫోన్ చేయండి. ఇది వృద్ధుల కోసం పెట్టిన ఉచిత నంబరు, పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా పనిచేస్తుంది. పింఛను, చట్టం, ఇంట్లో హింస, ఒంటరితనం, దారి తప్పిన పెద్దవాళ్లు, దేని గురించైనా మాట్లాడొచ్చు.

మీ పనికి సచివాలయంలో సమాధానం రాకపోతే, ప్రతి సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. వెళ్లలేకపోతే 1100. దూరాన ఉన్న పిల్లలు మన మిత్ర వాట్సాప్ నంబరు 95523 00009లో ప్రభుత్వ సేవలు చూసుకోవచ్చు. అర్జీతో పాటు ఆధార్ నకలు, పింఛను నంబరు, రేషను కార్డు నకలు పెట్టండి. మీ ఫోన్ నంబరు కాకుండా, పగలు ఎత్తే పొరుగువాళ్ల నంబరు కూడా ఒకటి రాయండి. అధికారి ఫోన్ చేసినప్పుడు అమ్మకు వినపడకపోయినా పక్కింటివాళ్లు ఎత్తి చెబుతారు.